నాలుగో సీసా

శనివారం సాయంత్రం ఐదూ పద్నాలుగుకి మా తమ్ముడు నాలుగు సీసాల్లో నీళ్ళు నింపి, స్కూటరు ముందు వరసగా నిలబెట్టి, ఫొటో తీసి నాకు పంపాడు. ఆ ఫొటో ఇంకా నా ఫోనులో ఉంది కాబట్టి సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. పాత కూల్‌డ్రింకు సీసాలు, ఆకుపచ్చవి, పైన కాగితాలు పీకేసినవి. ఒక్కోదాని మెడకి ఒక ఎర్ర రిబ్బను ముక్క. ఫొటో కింద ఒకే మాట రాశాడు: "రేపు సాకులు చెప్పమాక."

నేను గుంటూరులో ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు సత్తెనపల్లిలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు నడిపేవాడు. నాకు షుగరు వచ్చిందని తెలిసిన వారం అతనే నాకు బూట్లు కొనిపెట్టాడు. ముందు నడక, తర్వాత కాస్త పరుగు, ఏడాదిన్నర గడిచేసరికి గుంటూరులో జరిగే హాఫ్ మారథాన్‌కి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. నేను అప్పటికి పదహారు దాటలేదు.

శనివారం సాయంత్రం నేను బస్సులో వెళ్ళేవాణ్ణి. ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం ఊరి చివర లారీల కాటా దగ్గర బయలుదేరి, కాలవ కట్ట మీద పదిన్నర కిలోమీటర్లు వెళ్ళి, అదే దారిలో తిరిగి రావడం. ఆ దారిలో కొట్లు లేవు. రెండు పక్కలా పత్తి, మిరప. నీళ్ళు మోసుకుంటూ పరిగెత్తడం అతనికి నచ్చేది కాదు. అందుకని ముందురోజు సాయంత్రం స్కూటరు మీద వెళ్ళి, సీసాలకి తడి గోనెపట్టా చుట్టి, దారి పొడుగునా దాచి వచ్చేవాడు. మొదటిది ఐదో కిలోమీటరు దగ్గర తూములో. రెండోది ఎనిమిది దగ్గర చిల్లచెట్ల మొదట్లో. మూడోది మేము వెనక్కి తిరిగే చోట, పాడుబడ్డ మోటారు గది గూట్లో. వెళ్ళేటప్పుడు సగం తాగాలి, వచ్చేటప్పుడు సగం. ఇది అతను పెట్టిన నియమం.

నాలుగో సీసా అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ రాత్రి అన్నం దగ్గర అడిగాను.

"నాలుగోది ఎక్కడ పెట్టావు?"

"చెప్పను."

"అదేంటి?"

"చెప్తే దాని పక్కన కూలబడతావు. నీ సంగతి నాకు తెలీదా అన్నయ్యా? పదహారు రాంగానే కాల్లో ముల్లు, కంట్లో నలుసు, లేసు ఊడింది."

"నిజంగానే ఊడింది."

"మూడు ఆదివారాలూ ఊడిందా? నీ లేసుకి కూడా పదహారు దాకానే వచ్చా ఎక్కాలు?"

మరదలు నవ్వు ఆపుకుంటూ, "పోనీ బావగారికి చెప్పెయ్యండి, పాపం," అంది.

"నువ్వూరుకో. చెప్తే అక్కడే ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలుస్తాడు."

మర్నాడు నాలుగున్నరకి నేనే ముందు బయలుదేరాను. నా కాళ్ళు వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి కాటా దాకా నడిచి వెళ్ళడం అలవాటు. అతను కాఫీ తాగి పది నిమిషాల వెనక వస్తాడు. ఐదయింది. ఐదుంబావు అయింది. కాటా ముందు అటూ ఇటూ తిరిగాను. కోపం వచ్చిన మాట నిజం. ఈసారి సాకు అతనిదని, రాగానే అనడానికి ఒక మాట కూడా సిద్ధం చేసుకున్నాను. అప్పుడు మరదలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

నేను వెళ్ళేసరికి అతన్ని మంచం మీద పడుకోబెట్టి ఉంచారు. కుడి బూటు లేసు కట్టి ఉంది. ఎడమది కట్టలేదు. డాక్టరు గుండె అన్నాడు. ఇంతకంటే దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

వచ్చిన వాళ్ళంతా పరుగే మింగిందన్నారు. మా మేనమామ వరసాయన నా ముందే అన్నాడు: "యాభైకి వచ్చాక ఈ పరుగులేందయ్యా? వెనకాల ఎవరన్నా తరుముతున్నారా?" తమ్ముడికి ఆ నొప్పి పరుగు వల్ల రాలేదని, పరుగు లేకపోతే ఇంకా ముందే వచ్చేదేమోనని డాక్టరు నాతో విడిగా అన్నాడు. ఆ మాట ఎవరితో చెప్పినా నన్ను నేను కాపాడుకుంటున్నట్టే ఉండేది.

పెద్దకర్మ అయిన సాయంత్రం మరదలు వచ్చి నిలబడింది.

"బావగారూ, మీరింక పరిగెత్తొద్దండి. ఈ ఇంటికి ఇంక ఉన్నది మీరొక్కరే."

"సరేనమ్మా," అన్నాను.

"సరే అంటే కాదండి. మాటివ్వండి."

ఇచ్చాను.

ఆ తర్వాత నేను కూర్చోలేకపోయాను. ఇది వర్ణన కాదు, జరిగిన సంగతి. లైబ్రరీలో నా కుర్చీలో పది నిమిషాలు ఉంటే కాళ్ళు వాటంతట అవే కదిలేవి. లేచి బీరువాల మధ్య నడిచేవాణ్ణి. సర్ది ఉన్న పుస్తకాలే మళ్ళీ సర్దేవాణ్ణి. పిల్లలు చదువుకుంటూ నా చెప్పుల చప్పుడుకి తలెత్తి చూసేవారు. ముప్పై ఏళ్ళుగా ఏ కష్టమొచ్చినా పుస్తకం తెరిచిన మనిషిని నేను. ఇప్పుడు ఒక పేజీ అయ్యేసరికి పైన ఏం చదివానో గుర్తుండేది కాదు. దుఃఖం గురించి పెద్దవాళ్ళు రాసినవి తీశాను. అన్నీ బాగా రాసినవే. బాగా రాసి ఉండటమే భరించలేక మూసేశాను.

పోటీకి ముందురోజు వెళ్ళి మా ఇద్దరి నంబరు కాగితాలూ తెచ్చుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, "ఇంకొకరు రాలేదా అంకుల్?" అని అడిగింది. "పనిలో ఉన్నాడమ్మా," అన్నాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి తాడుకి ఇవతల నిలబడ్డాను. నా వయసు వాళ్ళు, నాకంటే లావుగా ఉన్నవాళ్ళు, నవ్వుకుంటూ వెళ్ళారు. రెండు కాగితాలూ జేబులోనే ఉన్నాయి. చివరి మనిషి వెళ్ళేదాకా ఉండి ఇంటికి వచ్చాను.

అప్పుడే సీసాలు గుర్తొచ్చాయి. గుర్తు రావడమంటే, అంతకుముందు మరిచిపోయానని కాదు. అవి ఇంకా అక్కడే ఉన్నాయన్న సంగతి అప్పుడు తట్టింది. అతను నింపి పెట్టినవి, ఎవరూ తాగనివి. మూడింటి చోటు తెలుసు. నాలుగోది నేను ఆగిపోయే చోట ఉండాలి, లేదా అది దాటాక. బస్సు దిగి ఆటోలో వెళ్ళి వెతకొచ్చు. కానీ అతను దాన్ని ఆటోలో వచ్చేవాడి కోసం పెట్టలేదు. ఇరవై ఒకటీ పరిగెత్తేవాడి కోసం పెట్టాడు. ఆ నాలుగో సీసా దాకా పరిగెత్తి వెళ్ళాలి. అంతకుమించి నాకప్పుడు వేరే కోరిక లేదు. మరదలికి ఇచ్చిన మాట ఒకటి అడ్డంగా ఉంది.

గుంటూరులో రహస్యంగా మొదలుపెట్టాను. తెల్లవారక ముందే స్టేడియం చుట్టూ. నా గదిలో అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి అది రహస్యం కూడా కాదు. అయినా దొంగలాగే వెళ్ళేవాణ్ణి.

నాలుగో మాసికానికి సత్తెనపల్లి వెళ్ళేసరికి మిరప కోతలు జోరుగా ఉన్నాయి. మర్నాడు పొద్దున్న ఐదింటికి లేచి వాకిట్లో బూట్లు తొడుక్కుంటున్నాను. మరదలు లైటు వేసింది.

"నడకకి వెళ్ళొస్తానమ్మా."

ఆమె బూట్ల వంక చూసింది. నేను పైకి చూడకుండా రెండు లేసులూ కట్టుకున్నాను.

కాటా దాటాక నిజంగానే కొంతదూరం నడిచాను. తర్వాత నడవలేదు.

ఐదో కిలోమీటరు దగ్గర చీకట్లో తూములో చెయ్యి పెడితే గోనెపట్టా తగిలింది. ఎండి, రేకులాగా గట్టిపడింది. లోపల సీసా అలాగే ఉంది. మూత తియ్యగానే ప్లాస్టిక్ వాసన. సగం తాగి మళ్ళీ అక్కడే పెట్టాను. నాలుగు నెలల నాటి నీళ్ళు తాగకూడదని తెలుసు. ఆ పూట తెలిసినవి ఏవీ చెయ్యలేదు. రెండోది లేదు. చెట్టు మొదట్లో పట్టా ముక్క మాత్రం ఉంది. మేకల వాళ్ళు తీసుకుని ఉంటారు. మూడోది మోటారు గది గూట్లో, సాలెగూడు వెనక ఉంది. అది అక్కడే మొత్తం తాగేశాను. రిబ్బను విప్పి జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాను. తూర్పు తెల్లబడింది.

తిరుగుదారిలో రెండు పక్కలా చూసుకుంటూ వచ్చాను. నాలుగోది ఎక్కడా కనపడలేదు. గాలిలో మిరప ఘాటు. పత్తి కట్టె పీకి కుప్పలు పెట్టిన చేలు, మధ్యలో ఎర్రగా కల్లాలు. ఏడుంబావు దాటాక మళ్ళీ తూము దగ్గరికి చేరాను. వెళ్ళేటప్పుడు అది ఐదో కిలోమీటరు, వచ్చేటప్పుడు పదహారోది. కాళ్ళు ఎప్పటిలాగే ఆగిపోయాయి. వంగి సీసా తీశాను. రోడ్డు పక్కన ఒంటరిగా మోకాళ్ళ మీద కూర్చుని, పేరు లేని ఆకుపచ్చ సీసా ఎత్తి, కళ్ళు మూసుకుని తాగాను.

మా ప్రాంతంలో అలా కనిపించే మనిషిని చూస్తే ఎవరికైనా ఏం తడుతుందో నాకు తట్టలేదు. పురుగుమందుల కొట్టు ఉన్న ఇంట్లో మనిషినై ఉండి తట్టలేదు.

"ఎండ్రిన్ తాగాడర్రో! పట్టుకోండి!"

ఎదురు కల్లంలోంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ముందున్న పెద్దావిడ నా చేతి మీద కొట్టింది. సీసా రోడ్డు మీద పడి దొర్లింది. ఆవిడ నాకు తెలుసు. తూము పక్క పాకలో ఉండి ఆ చేను కాపలా కాసే మనిషి. ఆదివారాలు మమ్మల్ని చూస్తూనే ఉండేది. నన్నూ గుర్తుపట్టింది, అందుకే ఇంకా భయపడింది.

"కొట్టాయన అన్నవి గాదూ? తమ్ముడు పోతే నువ్వూ పోతావా? ఎంత పని చేశావయ్యా!"

"నీళ్ళమ్మా, నీళ్ళు..."

"అందరూ నీళ్ళనే అంటారు! పట్టండే!"

ఇద్దరు చంకల కింద చేతులు వేసి లాక్కుపోయి కల్లంలో పడేశారు. ఒకామె టిఫిను గిన్నెలో ఉప్పు కలిపి నోట్లో పోసింది. పదహారు కిలోమీటర్లు పరిగెత్తిన మనిషికి ఎదురు తిరిగే బలం ఉండదు. పెద్దావిడ నా మెడ వంచి వీపు మీద గుద్దింది. తాగిందంతా కక్కేశాను. మిరపకాయల ఘాటుకి దగ్గు, దగ్గుకి కళ్ళనీళ్ళు. దాన్ని కూడా విషమే అనుకుని ఇంకో గిన్నె కలిపారు.

ఎవరన్నా మందు తాగితే నోట్లో ఏమీ పొయ్యొద్దని, నేరుగా ఆసుపత్రికి తీసుకుపొమ్మని తమ్ముడు కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. ఆవిడకీ చెప్పాడట. "చెప్పాడు, గుర్తుండనే ఉంది. చెయ్యి ఆగలా," అంది తర్వాత.

చివరికి ఒకామె సీసా తెచ్చి వాసన చూసింది. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుంది. మిగతావాళ్ళ మొహాలు చూసింది.

"నీళ్ళే."

అందరూ ఒక్కసారే మాటలు మొదలుపెట్టారు.

"నీళ్ళు తాగటానికి తూములో దూరాలా?"

"నీళ్ళు తాగేటోడు కళ్ళు మూసుకుంటాడా?"

"ఓయమ్మో, బూట్లతోటి కల్లంలోకి ఈడ్చుకొచ్చామే!"

కల్లంలోకి చెప్పులతో ఎవరూ రారు. లేసులు విప్పబోయాను. పెద్దావిడ నా చెయ్యి తోసేసి, "ఉండనీ ఇక," అంది.

అప్పుడు కనిగిరి వైపు నుంచి కోతకి వచ్చిన ఒక పిల్ల, చేతిలో ఫోను పట్టుకుని మెల్లగా అంది: "నేను కొట్టుకి ఫోన్ చేశానే. ఏం పట్టాలో అడుగుదామని."

మిరపకాయలు ఆరబోసే పట్టాల మీద మా తమ్ముడి కొట్టు నంబరు అచ్చేసి ఉంటుంది. చేలో ఏం జరిగినా ఆ నంబరుకే చేస్తారు. ఆ ఫోను ఇప్పుడు మరదలి దగ్గర ఉంటుంది.

"ఏమని చెప్పావు?"

"కళ్ళజోడాయన, బూట్లేసుకున్నాడు, తూము కాడ మందు తాగాడు అని. ఆమె ఏం మాట్లాడలా. పెట్టేసింది."

నేను లేచాను. నిలబడి రోడ్డు చూశాను. తమ్ముడి స్కూటరు దూరం నుంచే తెలిసింది. మరదలు దానికి స్టాండు కూడా వెయ్యలేదు. అది పక్కకి పడిపోయింది. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో ఆసుపత్రికని తెచ్చిన డబ్బుల సంచి.

"నీళ్ళమ్మా," అన్నాను. "నీళ్ళే తాగాను."

ఆమె వచ్చి నా చేతులు వాసన చూసింది. చొక్కా వాసన చూసింది. పెద్దావిడ చేతిలోంచి సీసా లాక్కుని వాసన చూసింది. మెడకున్న ఎర్ర రిబ్బను చూసింది. అప్పుడు కల్లం అంచున నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. చాలాసేపు ఊపిరి మాత్రం పైకే వస్తున్నట్టు కూర్చుంది.

నేను దాచిన పరుగు ఆమెకి ఏం చేసిందో అప్పుడు చూశాను. ఒకే ఏట రెండోసారి. ఐదు కిలోమీటర్లు ఆమె ఆ స్కూటరు మీద ఎలా వచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పెద్దావిడ మజ్జిగ తెచ్చి ఆమె చేతికిచ్చింది. నా వైపు తిరిగి, "ఈ సీసాల కోసరమా తూములు దేవులాడుతున్నావు?" అంది.

"నాలుగు పెట్టాడు. నాలుగోది దొరకలేదు."

"యాడ దొరుకుద్ది? అది నాకిచ్చాడుగా."

మరదలు తలెత్తింది.

"ఆ శనారం పొద్దుగూకే యేళకి వచ్చాడు. పిన్నమ్మా, రేపు మా అన్న ఇక్కడికొచ్చి కూలబడతాడు. ఆగితే తిట్టు, నీళ్ళియ్యమాక. ఆగకుండా దాటిపోతే ఎనకమాల పరిగెత్తి ఈ సీసా చేతికియ్యి, అన్నాడు. ఈ వయసులో నన్ను పరిగెత్తమంటావా సచ్చినోడా అంటే, నువ్వు మా అన్న కంటే బాగానే పరిగెడతావులే అన్నాడు." ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఆదివారం పొద్దెక్కిందాకా రోడ్డు మీదే కూర్చున్నా. మర్నాడు తెలిసింది."

"సీసా ఉందా?"

"రెండ్రోజులు ఉంచి కోళ్ళకి పోశానయ్యా. ఉంచుకుని ఏం జెయ్యను? సీసాలో ఆముదం పోసుకున్నా. కావాలా?"

"వద్దు," అన్నాను.

నేను స్కూటరు వెనక కూర్చున్నాను. నేను పరిగెత్తవలసిన ఐదు కిలోమీటర్లు కొద్ది నిమిషాల్లో అయిపోయాయి. కాటా దగ్గర మరదలు వేగం తగ్గించి, తల తిప్పకుండానే మాట్లాడింది.

"నడకకి అని బూట్లు వేసుకుంటారా ఎవరన్నా? నాకు తెలీదనుకున్నారా?"

"మాట తప్పాను."

"నేనే తీసుకోకూడని మాట తీసుకున్నా. పరిగెత్తేదుంటే చెప్పి పరిగెత్తండి బావగారూ. ఎప్పుడు పోతారో, ఎప్పుడొస్తారో చెప్పండి. ఇట్టాంటి ఫోన్లు ఇంక నేను ఎత్తలేను."

రెండు వారాల తర్వాత చెప్పి వెళ్ళాను. "ఎనిమిదింబావుకి కాటా దగ్గరుంటాను," అన్నాను. "ఎనిమిదిన్నరకి లేకపోతే ఫోన్ చేస్తా," అంది. నీళ్ళు చేత్తోనే పట్టుకుని పరిగెత్తాను. భుజం లాగింది. పదహారు దగ్గర, తూము పక్కన, ఎప్పటిలాగే కాళ్ళు నెమ్మదించాయి. లేసు చూసుకుందామని వంగాను. లేసు కట్టే ఉంది.

కల్లంలో తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ లేచి నిలబడింది.

"ఏందయ్యా ఆగావు? పో! ఆగితే తిట్టమన్నాడు కొట్టాయన! సిగ్గులేదా, ఇంత పొడుగున్నావు! పో, పో!"

మిగతావాళ్ళు విరగబడి నవ్వారు. నేను వెళ్ళాను. ఆ చివరి ఐదు కిలోమీటర్లలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఎడమ మోకాలు నొప్పి పెట్టింది. ఒక ట్రాక్టరు దాటిపోయింది. ఎనిమిదీ ఇరవైకి కాటా చేరి స్తంభం పట్టుకుని నిలబడితే, లోపలి గుమస్తా కిటికీలోంచి చూసి, "ఏం సార్, బస్సు పోయిందా?" అని అడిగాడు. మరదలికి ఫోన్ చేశాను. "వచ్చేశాను," అన్నాను. "సరేనండి," అని పెట్టేసింది.

ఆ ఏడాది చివర గుంటూరులో హాఫ్ మారథాన్ కూడా పరిగెత్తాను. మూడు గంటలకి ఏడు నిమిషాలు తక్కువ. ప్రతి రెండు కిలోమీటర్లకీ బల్లలు వేసి కప్పుల్లో నీళ్ళు ఇచ్చారు. అడక్కుండానే ఇచ్చారు. వాళ్ళు మెడలో వేసిన పతకాన్ని మరదలు కొట్లో క్యాలెండరు మేకుకి తగిలించింది. కొట్టు ఇప్పుడు ఆమే నడుపుతోంది.

ఇప్పటికీ ఎక్కువసేపు కూర్చోలేను. చదువు కొంచెం తిరిగి వచ్చింది, ఒక్కోసారి పది పేజీలు. నెలకి రెండు ఆదివారాలు కాలవ కట్ట మీదికి వెళతాను. వెళ్ళే ముందు ఎన్నింటికి వస్తానో చెబుతాను. ఆ దారిలో ఇప్పుడు ఎవరూ సీసాలు దాచరు.